‘ఖాళీగా ఉంది కదా అని వేశాం’ అంటున్నారు

ప్రశ్న: మాది నెల్లూరు. పొదలకూరు రోడ్డు వైపు ఒక లేఅవుట్‌లో, మేముండే ఇంటికి రెండు వీధుల అవతల మాకు 25 అంకణాల స్థలం ఉంది. అమ్మాయి పెళ్లికి అక్కరకొస్తుందని కొన్నాం. కట్టనూ లేదు, అమ్మనూ లేదు. ఇప్పుడది ఆ వీధికంతటికీ చెత్తకుండీ అయిపోయింది. ఎదురింటివాళ్లు కవర్లు మూటగట్టి తమ గేటు దగ్గర నుంచే విసురుతారు. రాత్రిపూట ఎవరో కోడి వ్యర్థాలు గోతాల్లో తెచ్చి పడేస్తున్నారు. మొన్న ఒక ట్రాక్టరు పగలగొట్టిన గోడల మట్టి పోసి వెళ్లింది. అడిగితే ఎదురింటావిడ ‘ఖాళీగా ఉంది కదా అని వేశాం, మీ ఇంట్లో వేశామా?’ అంది. ఇది చాలదన్నట్టు స్థలం శుభ్రం చేసుకోమని కార్పొరేషన్ నుంచి నాకే నోటీసు వచ్చింది. కెమెరా పెట్టి వీడియోలు అందరికీ పంపుదామంటాడు మా అబ్బాయి. ఆ చెత్తంతా ఎత్తి వాళ్ల గేటు ముందే పోయిద్దామంటాడు మా మరిది. అగ్గిపుల్ల గీస్తే పోతుందంటారు మావారు. మూలన ఉన్న వేపచెట్టు నీడలోనే ఎక్కువగా వేస్తున్నారు, దాన్ని కొట్టించమని ఇంకొకరి సలహా. నాకు గొడవలంటే భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు:

అమ్మా, ముందు మీ ఎదురింటావిడ మాట సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఆ మాటే, అన్నిటికంటే పనికొచ్చేదీ ఆ మాటే. ఇల్లు లేనంత మాత్రాన రిజిస్టరైన స్థలం ఊరుమ్మడి అయిపోదు. ఆ సంగతి ఆవిడకు తెలియక కాదు. రేపు ఆవిడ స్థలంలో మీరు ఒక్క అరటితొక్క వేసి చూడండి, ఊరుకుంటుందేమో! అయితే నడుమెత్తు చిల్లకంప పెరిగి, హద్దురాళ్లు కనిపించకుండా, యజమాని నెలల తరబడి అడుగుపెట్టని చోటు చూసేవాళ్ల కంటికి దిక్కులేనిదిగానే ఆనుతుంది. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అన్నారు, స్థలాల విషయంలోనూ అంతే. తప్పు నూటికి నూరుపాళ్లు వాళ్లదే. కానీ తప్పెవరిదో తేల్చుకున్నంత మాత్రాన రేపు పొద్దున పడే కవరు ఆగదు.

ఇంకొకటి. ఉత్తరం పొడవునా మీరు ‘వాళ్లు’ అనే రాశారు గానీ, జాగ్రత్తగా చదివితే అక్కడ మూడు రకాల మనుషులున్నారు. ఇంటి చెత్త విసిరే ఎదురింటివాళ్లు, రాత్రిపూట గోతాలు దించే కోడి మాంసం దుకాణం తాలూకువాళ్లు, మట్టి పోసి వెళ్లిన ట్రాక్టరు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని బండివాళ్లు మన ప్రాణం తీస్తారు కదా, ఇక్కడ మీరు ముందు వేసేవాళ్లను వేరు చేయాలి. ఒకరికి మంచి మాట చాలు, ఒకరికి భయం కావాలి, మూడోవారికి చిరునామా కనుక్కుంటే చాలు. అందరికీ కలిపి ఒకే తిట్టు తిడితే ముగ్గురూ ఏకమవుతారు.

ఈ ముగ్గురి కంటే ముందు ఆ నోటీసు. దానిమీద తారీఖు, గడువు చూసుకోండి. బాధితురాలికే నోటీసు రావడమేమిటని మీకు మండిపోవడం సహజం. మున్సిపల్ చట్టాలు స్థలాన్ని శుభ్రంగా ఉంచే బాధ్యతను ముందు యజమాని నెత్తినే పెడతాయి. ఎవరు వేశారన్నది వాళ్లకు తర్వాతి మాట. చాలామంది ఆ నోటీసును చించి పారేస్తారు. మీరు మాత్రం దాన్ని భద్రంగా దాచండి. ఆ స్థలంలో చెత్త పడుతోందన్న సంగతి కార్పొరేషన్‌కు తెలుసు అనడానికి అంతకంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు. గడువులోపల దానికి రాతపూర్వకంగా జవాబివ్వండి. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

‘మీ నోటీసు అందినది. పై స్థలం నాది. అందులోని చెత్త నేను వేసినది కాదు. చుట్టుపక్కల ఇళ్లవారు, రాత్రివేళ మాంసం వ్యర్థాలు తెచ్చేవారు, నిర్మాణ వ్యర్థాల ట్రాక్టరు వేస్తున్నారు. ఫొటోలు జతపరిచాను. నా ఖర్చుతో ఫలానా తేదీలోగా శుభ్రం చేయించి కంచె వేయిస్తాను. ఆ తర్వాత మళ్లీ వేయకుండా వేసినవారి మీద చర్య తీసుకోవాలనీ, ఆ వీధికి చెత్త బండి ప్రతిరోజూ వచ్చేలా చూడాలనీ, కరెంటు స్తంభానికి వీధి దీపం వేయించాలనీ కోరుతున్నాను.’

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాగితం నోటిమాటతో సమానం. దానితోపాటు మీ ఖాళీ స్థలం పన్ను రసీదు కూడా జతచేయండి. పన్ను బకాయి ఉంటే ముందు అది కట్టేయండి. ఫిర్యాదు పట్టుకుని వెళ్లినప్పుడు అవతలి బల్ల మీద నుంచి మొదట వచ్చే ప్రశ్న ‘పన్ను కట్టారా’ అన్నదే, ఆ నోరు ముందే మూయించడం మేలు.

ఇప్పుడు శుభ్రం చేయించే పని. ఇది మీ ఖర్చే అవుతుంది. అన్యాయమే, అయినా తప్పదు. వానలకు ముందే ముగించండి. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఒకసారి అల్పపీడనం పట్టిందంటే ఆ స్థలంలోకి జేసీబీ దిగబడిపోతుంది తప్ప పనిచేయదు. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, నోరు తెరిచిన కవర్లు ఉన్నచోట వాన నీళ్లు నిలిస్తే డెంగ్యూ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు చాలు. పని పగటిపూటే చేయించండి. కంప కింద ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట పాములుంటాయి. కూలీలకు బూట్లు, చేతి తొడుగులు మీరే ఇప్పించండి. కంపను పైపైన నరికితే నాలుగు వానలకు మళ్లీ లేస్తుంది, వేరుతో పెకలించమని ముందే బేరం చెప్పుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీరు మాట్లాడుకున్న ట్రాక్టరు ఆ చెత్తను ఎక్కడ పోస్తుందో అడిగారా? ‘అదంతా మేం చూసుకుంటాంలేమ్మా’ అన్నాడంటే సర్వేపల్లి కాలువ గట్టునో, పెన్న ఒడ్డునో, ఊరి చివర ఇంకెవరో మీలాంటివాళ్ల స్థలంలోనో దించేసి వస్తాడని అర్థం. అప్పుడు ఇంకో ఇల్లాలు ఇంకో ఉత్తరం రాస్తుంది, అందులో ‘వాళ్లు’ మీరే అవుతారు. మీ వార్డు సచివాలయంలో పారిశుధ్యం చూసే కార్యదర్శిని కలిసి, చెత్త ఎక్కడికి తోలాలో అడిగి, కుదిరితే కార్పొరేషన్ వాహనానికే డబ్బు కట్టండి. బయటి ట్రాక్టరే అయితే దించినచోట ఫొటో తీసి పంపాకే పూర్తి డబ్బు ఇస్తానని చెప్పండి. ఈ ఒక్క షరతుకే సగంమంది డ్రైవర్లు దారిలోకి వస్తారు.

శుభ్రమైన మర్నాడే కంచె పడాలి. ‘వచ్చే నెల చూద్దాం’ అనుకున్నారంటే ఆ నెలలోనే పాత కుప్ప మళ్లీ లేస్తుంది. గోడ కట్టగలిగితే సరే. లేకపోతే రాతి కడీలు పాతించి ముళ్లతీగ, దాని మీద ఇనుప వల. తీగ ఒక్కటే అయితే సందుల్లోంచి కవరు దూరుతుంది. కంచెకు ముందు సర్వేయరుతో హద్దులు వేయించండి, ఆ సమయానికి ఇరుగుపొరుగును పిలవండి. అడుగు అటూ ఇటూ జరిగితే చెత్త తగాదా కాస్తా సరిహద్దు తగాదా అవుతుంది, దానికి ఈ పేజీ చాలదు. బోర్డు మీద ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని మాత్రమే రాయించకండి. ఆ వాక్యాన్ని మన ఊళ్లలో అలంకారంగానే చూస్తారు, చాలాచోట్ల దాని కిందే కుప్ప ఉంటుంది. ‘ఈ స్థలం ఫలానావారిది’ అని పేరు, సర్వే నంబరు, ఫోను నంబరు రాయించండి. మీ నంబరు ఇవ్వడం ఇష్టం లేకపోతే మీవారిదో, మీ అబ్బాయిదో. యజమాని పేరున్న స్థలంలో విసరడానికి చేయి కొంచెం వెనకాడుతుంది.

దేవుళ్ల పటాలున్న టైల్స్ అంటించమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేనైతే వద్దంటాను. కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది, తర్వాత కుప్ప నాలుగడుగులు పక్కకు జరుగుతుంది, దేవుడు దాన్ని చూస్తూ కూర్చోవలసి వస్తుంది. పైగా రేపు ఎవరైనా తెలియక ఏదైనా విసిరితే అది చెత్త గొడవగా మిగలదు. కార్పొరేషన్‌వాళ్లు వీధి మలుపుల్లో చెత్త ఎత్తించి ముగ్గులు వేయిస్తుంటారు చూడండి, అది కాస్త నయం. అందులో గుణం ముగ్గుది కాదు, పొద్దున్నే ఎవరో ఒక మనిషి అక్కడికి వచ్చి నిలబడుతున్నారన్నదే.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. తేలికైనది మట్టి పోసిన ట్రాక్టరు, ముందు అది. పగలగొట్టిన గోడ ఎక్కడిదో ఆ చుట్టుపక్కల నాలుగు వీధులు నడిస్తే తెలిసిపోతుంది. మీ స్థలంలో పడిన టైల్ ముక్కల రంగు, గోడ సున్నం రంగు చూసుకుని వెళ్లండి, పాత వంటింటి గోడ సగం పోయి, కొత్త ఇటుక లేస్తున్న ఇల్లు ఒకటి కనబడుతుంది. మేస్త్రితో మాట్లాడకండి, అతను డ్రైవరు మీదికి, డ్రైవరు ఇంకొకరి మీదికి నెడతారు. ఇంటి యజమానిని కలవండి. నిర్మాణ వ్యర్థాలను సొంత ఆవరణలోనే ఉంచి, అధికారులు చూపిన చోటికే తరలించాలని 2016 నుంచి కేంద్ర నియమాలున్నాయి, బాధ్యత ఇల్లు కట్టేవారిదే. ఇల్లు కట్టుకుంటున్న మనిషికి కార్పొరేషన్‌తో ఇంకా బోలెడు పనులుంటాయి, ప్లాను దగ్గర నుంచి కుళాయి కనెక్షన్ దాకా. ఫిర్యాదు పడడం ఆయనకు ఏమాత్రం ఇష్టం ఉండదు. నెమ్మదిగా చెప్పినా రెండు రోజుల్లో ఎత్తించేస్తాడు. ఒక్కోసారి ‘పల్లం స్థలం కదా, పూడిక మంచిదేనని పోయించాం’ అని మీకే మేలు చేసినట్టు చెబుతారు. సిమెంటు గోతాలు, ప్లాస్టిక్ పైపు ముక్కలు కలిసిన మట్టి మీద పునాది నిలవదు, అది పూడిక కాదు, రేపు మీరే తవ్వి తీయించుకోవలసిన బరువు. ఒప్పుకోకండి.

కోడి వ్యర్థాల సంగతి వేరు. ఇది అలవాటుతోనో, బద్ధకంతోనో చేసే పని కాదు, వ్యాపారంలో ఖర్చు మిగుల్చుకునే పని. మన జిల్లాలో ఈ వ్యర్థాలను చేపల చెరువులకు దొంగచాటుగా తోలే దందా ఉందని, అధికారులు వాహనాలను పట్టుకున్నారని పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఏ దారీ దొరకని సరుకు మీ వేపచెట్టు కిందికి వస్తోంది. ఈ మనిషితో రాత్రిపూట మీరుగానీ మీ అబ్బాయిగానీ ఎదురుపడి వాదించవద్దు. అవసరం కూడా లేదు. అతనికి పోలీసు జరిమానా కంటే లైసెన్సు పోతుందన్న భయమే ఎక్కువ. మాంసం దుకాణానికి కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సూ కావాలి, ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషనూ కావాలి. వాహనం నంబరు కనిపించే ఒక్క ఫొటో, తేదీ, సమయం ఉంటే చాలు. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, ఆరోగ్య విభాగానికి పేరుతో రాసి ఇవ్వండి. మీ పేరు బయటపడుతుందన్న భయముంటే వీధిలో నలుగురి సంతకాలు పెట్టించండి, ఆ కంపు మీ ఒక్కరి ముక్కుకే తగలడం లేదు కదా. ఈ సంతకాల కోసం ఎదురింటి గుమ్మం కూడా ఎక్కండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఎదురింటివాళ్లే మీకు అసలు కష్టం. దుకాణంవాడు రేపు ఇంకో చోటు చూసుకుంటాడు, ట్రాక్టరు మళ్లీ రాదు, వీళ్లు మాత్రం అక్కడే ఉంటారు. రేపు మీరు అక్కడ ఇల్లు కట్టినా, కొనేవాడు స్థలం చూడడానికి వచ్చినా ఎదురుపడేది వీళ్లే. అందుకే వీళ్ల దగ్గర గెలవడం కంటే మాట కలపడం అవసరం. మొన్న మీరు ఎలా అడిగారో రాయలేదు గానీ, బహుశా కవరు గాల్లో ఉండగానే అడిగి ఉంటారు. చేతిలో చెత్త ఉన్న మనిషిని పట్టుకుంటే సిగ్గు వస్తుంది, సిగ్గు వస్తే ఎదురు తిరుగుతారు. ‘మీ ఇంట్లో వేశామా’ అన్నది అలా పుట్టిన మాటే.

ఈసారి శుభ్రం చేయించడానికి ముందు రోజు సాయంత్రం వెళ్లండి. ఒంటరిగా వద్దు, జట్టుగానూ వద్దు. వయసులో పెద్దావిడ ఒకరు తోడుంటే మంచిది. పాత మాట ఎత్తకండి. ‘వదినా, రేపు జేసీబీ పెట్టిస్తున్నాం, కంప తీసేటప్పుడు పాములు బయటికి రావచ్చు, పిల్లల్ని కాస్త చూసుకోండి. ఆ కోళ్ల గోతాల మీద అర్జీ పెడుతున్నాం, మీరూ ఒక సంతకం చేయండి. కంచె కూడా వేయిస్తున్నాం’ అని చెప్పండి. చివరగా ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ వీధికి చెత్త బండి ఎన్ని గంటలకు వస్తోంది?’

ఆ ప్రశ్నకు వచ్చే జవాబులోనే సగం మందు ఉంటుంది. ‘తొమ్మిదింటికి వస్తుంది, అప్పటికి మేమిద్దరం పనికి వెళ్లిపోతాం’ అనవచ్చు. ‘సందు ఇరుకని లోపలికి రాదు, మలుపులో ఈల వేసి వెళ్లిపోతాడు’ అనవచ్చు. ‘వారానికి రెండుసార్లే’ అనవచ్చు. ఇవి సాకులే కావచ్చు, ఒక్కోసారి నిజాలు కూడా. చెత్త పన్ను 2024 చివరితో ఎత్తేశారు గానీ చెత్త తీసుకెళ్లే బాధ్యతను ఎత్తేయలేదు కదా. బండి రాకపోతే దాని మీద మీరిద్దరూ కలిసి సచివాలయంలో అర్జీ పెట్టవచ్చు. బండి సమయానికి ఇంట్లో ఎవరూ ఉండకపోతే మూత ఉన్న రెండు డబ్బాలు గేటు పక్కన పెట్టుకోవచ్చు. ఇంట్లోనే తడి, పొడి వేరు చేసి బండికి అందించాలని, వీధుల్లో, బహిరంగ స్థలాల్లో, కాలువల్లో పారేయకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల నుంచే ఉంది. ఇది ఆవిడకు చదివి వినిపించమనడం లేదు, వినకపోతే అర్జీలో రాయడానికి గుర్తుపెట్టుకోండి.

ఇంత మర్యాదగా చెప్పాక కూడా కంచె మీదుగా కవరు వచ్చి పడిందనుకోండి. అప్పుడిక మొహమాటం అక్కర్లేదు. ప్రతి కవరుకూ ఒక ఫొటో, తేదీ. కవర్లలో మందుల చీటీలు, కొరియర్ చిరునామాలు దొరుకుతాయి. మీరు విప్పకండి, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఆయన ఎదుట విప్పించండి.

కెమెరా సంగతి. మీ అబ్బాయి ఆలోచనలో సగం మంచిది. పెట్టించండి, కానీ అది మీ కంచె లోపలి వైపు, మీ గేటు వైపు చూడాలి. ఎదురింటి వరండా, కిటికీలు అందులో పడకూడదు. ఉత్తుత్తి కెమెరా తగిలిస్తే వారంలో కనిపెట్టేస్తారు, ఆ తర్వాత ఇంకా ధైర్యంగా వేస్తారు. వీడియోను అధికారులకు ఇవ్వండి. కోర్టు దాకా వెళ్తే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి కనుక అసలు రికార్డును చెరిపేయకండి. ఊరంతటికీ పంపడం మాత్రం వద్దు. పరువు నష్టం కేసు పెట్టే అవకాశం వాళ్ల చేతికి ఇచ్చినట్టవుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. ఇలాంటి వీడియోల్లో చాలాసార్లు కవరు పట్టుకుని కనిపించేది ఇంటి యజమానురాలు కాదు, పనిమనిషి. ‘ఎదురుగా పడేసిరా’ అని చెప్పినవాళ్లు లోపల టీ తాగుతుంటారు, పరువు పోయేది నెల జీతం మీద బతికే ఆ అమ్మాయిది.

మీ మరిదిగారి ఆలోచన వినడానికి భలే హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. బెంగళూరులో 2025లో చెత్త బయట పడేసినవాళ్ల ఇళ్ల ముందు అధికారులే చెత్త దించారు కూడా. అక్కడ ఆ పని చేసింది యంత్రాంగం, వెంట జరిమానా కాగితం కూడా ఉంది. మీరు చేస్తే మీరూ చెత్త వేసినవాళ్లే. అప్పుడు వీడియో తీసేది వాళ్లు. పైగా ఆ కుప్పలో కోడి ఈకలు ఎవరివో, టైల్ ముక్కలు ఎవరివో. అన్నీ ఎత్తి ఒకరి గేటు ముందు పోస్తే వాళ్లది కాని తప్పును కూడా వాళ్ల నెత్తిన రుద్దినట్టు.

మీవారి అగ్గిపుల్ల మాత్రం పూర్తిగా వద్దు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5 వేలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25 వేల రూపాయలు కట్టించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. అల్మిత్రా పటేల్ అనే ఆవిడ చెత్త మీద దశాబ్దాలుగా చేసిన పోరాటంలో వచ్చిన తీర్పు అది. జరిమానా మాట అటుంచి, మన ఎండల్లో ఎండిన కంపకు నిప్పు పెడితే అది మీ హద్దురాళ్ల దగ్గర ఆగుతుందా?

ఫిర్యాదుల దారి చెబుతాను. మొదట వార్డు సచివాలయం, తర్వాత పురమిత్ర యాప్‌గానీ 1100 నంబరుగానీ. అక్కడ ఇచ్చే అర్జీ సంఖ్య రాసి పెట్టుకోండి. పని జరగకుండానే ‘పరిష్కరించాం’ అని సందేశం వస్తే ఆశ్చర్యపోకండి, అదే రోజు తీసిన ఫొటోతో మళ్లీ తెరిపించండి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. మీ పాత నోటీసు, ముద్ర ఉన్న జవాబు, అర్జీ సంఖ్యలు వరుసగా పెట్టి ఇస్తే ఆ కాగితాల దొంతరే మాట్లాడుతుంది.

అక్కడా తేలకపోతే ఆర్డీవో ఉన్నారు. వీధివాళ్లందరికీ ఇబ్బంది కలిగించే చెడుగును తొలగించమని ఆదేశించే అధికారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆయనకు ఉంది. పాత చట్టంలో ఇది 133వ సెక్షన్. ఆ సెక్షన్ మీదే మధ్యప్రదేశ్‌లోని రత్లాం అనే ఊరివాళ్లు తమ వీధి మురుగు గురించి మున్సిపాలిటీ మీద పోరాడితే 1980లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. డబ్బుల్లేవన్న మున్సిపాలిటీ సాకును జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. మనుషుల్లేరు, బండి లేదు అని మీకు ఎవరైనా చెబితే ఈ కేసు పేరు వాడండి. ఇది మీ ఒక్కరి కష్టంగా కాక వీధి కష్టంగా కనిపించాలి కనుక ఇక్కడ కూడా ఆ నాలుగు సంతకాలు అక్కరకొస్తాయి. పోలీసు కేసు ఎవరైనా బెదిరించినప్పుడు, లోపలికి దూరి కంచె తెంపినప్పుడు పెట్టండి. ఉత్త చెత్తకు పెడితే ప్రజలకు ఇబ్బంది కలిగించిన నేరం కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా పడుతుంది, అంతకు పది రెట్లు మీరు ఆటోలకే పెట్టి ఉంటారు. సివిల్ కోర్టులో శాశ్వత నిషేధ ఉత్తర్వు అడిగే హక్కు మీకుంది. అయితే అది వేసేవాడి పేరు రుజువులతో సహా చేతిలో ఉన్నప్పటి మాట.

ఇవన్నీ చేసినా ఆ స్థలం మళ్లీ ఆర్నెల్లు మూతపడి ఉంటే కథ మొదటికొస్తుంది. దాన్ని ఏదో ఒకదానికి వాడుకలో పెట్టండి. తోపుడు బండ్లవాళ్లకు రాత్రిపూట బండ్లు పెట్టుకోవడానికి ఇవ్వవచ్చు. మొక్కల నర్సరీవాళ్లకు ఇవ్వవచ్చు. వచ్చేది నాలుగు డబ్బులే అయినా, తెల్లవారుజామున అక్కడ ఒక మనిషి అలికిడి ఉంటుంది. తెలిసినవాళ్లే కదా అని నోటిమాట మీద మాత్రం ఇవ్వకండి, పాక వేసుకోనివ్వకండి. 11 నెలల ఒప్పంద పత్రం రాయించి, అడిగినప్పుడు ఖాళీ చేయాలని అందులో పెట్టించండి. అమ్మాయి పెళ్లికి స్థలం అమ్మవలసి వచ్చినప్పుడు అది ఎంత అవసరమో మీకే తెలుస్తుంది.

వేపచెట్టు జోలికి పోకండి. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, అది వేరే తలనొప్పి. వాళ్లు అక్కడ వేస్తున్నది నీడ ఉందని కాదు, కొమ్మలు కిందికి వాలి మరుగు ఉందని. తలెత్తు దాకా కింది కొమ్మలు కొట్టించండి, వీధిలోంచి మొదలు కనిపించేలా. బండ్లు పెట్టుకునేవాళ్లకు ఎండాకాలంలో ఆ నీడ కావాలి. అద్దె మాట్లాడేటప్పుడు అది కూడా లెక్కలో వేసుకోండి.